ఒత్తికో చెంచా

కిందటి వేసవిలో మా పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన దంపతులు ఓ మధ్యాహ్నం పాపను ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఏడాది నిండని పిల్ల. పొద్దుటినుంచి వాంతులట. సెలైన్ బాటిల్ ఎక్కించే డాక్టరు దగ్గర్లో ఎవరున్నారని ఆ కుర్రాడు అడుగుతున్నాడు. నేను అతని మాట సగమే విన్నాను. పిల్ల ముఖంలోకి వంగి చూశాను. ఏడుస్తోంది. బుగ్గల మీద కన్నీళ్ళు జారుతున్నాయి. అవి కనబడ్డాకే నాకు ఊపిరి ఆడింది.

కన్నీళ్ళ కోసం ఎందుకు చూశానో ఆ కుర్రాడికి అప్పుడు చెప్పలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, పిల్ల కోలుకుంది. తర్వాత కూచుని రాసుకుంటున్నాను. చాలా ఏళ్ళు రాయకుండా ఉండిపోయిన సంగతి ఇది. రాస్తే మళ్ళీ ఆనాటి దవాఖానా వరండాలోకి వెళ్ళాలి. నాకు ఇప్పటికీ అక్కడికి వెళ్ళాలంటే భయమే.

రాయ్‌పూర్‌లో ఒక హిందీ దినపత్రిక డెస్కులో నా ఉద్యోగమంతా గడిచింది. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. విజయనగరం వైపునుంచి లైను వెంబడే బదిలీ అవుతూ ఇక్కడికి వచ్చి ఆగాడు. ఆయన పోయాక అమ్మ మా దగ్గరే, ఊరి అంచున మోవా అనే పేటలోని అద్దె ఇంట్లో ఉండేది. నా భార్య సుశీల, మా రమ, అమ్మ, నేను. రమకు అప్పుడు ఏడాదిన్నర. ఎనభైల నడుమ, మే నెల.

ఆదివారం అభన్‌పూర్‌లో సుశీల పినతండ్రిగారింట్లో పుట్టువెంట్రుకల వేడుకకు వెళ్ళాం. ఎండ నిప్పులా ఉంది. పిల్లలందరికీ రంగు నీళ్ళు పోసిన మంచు ముద్దలు కొనిచ్చారు. మా రమ ఎవరి చేతిలోదో లాక్కుని చీకింది. అదే కారణమని నేను చెప్పలేను. బావి నీళ్ళు కావచ్చు, మిగిలిన పాయసం కావచ్చు. తిరుగు బస్సులో సుశీల భుజం మీద మొదటి వాంతి చేసుకుంది. బస్సు కుదుపని అనుకున్నాం. ఇల్లు చేరేలోగా మళ్ళీ అయింది. దీపాలు పెట్టే వేళకు విరేచనాలు కూడా మొదలయ్యాయి.

అమ్మ వెంటనే లంకణం అంది. మా వైపు ఇళ్ళల్లో కడుపు చెడితే మొదట చేసేది అదే. పొట్టలోకి ఏమీ పోకూడదు. పెద్దవాళ్ళకైతే నీళ్ళు పుక్కిలించడానికి ఇస్తారు. పిల్లలకైతే తడిగుడ్డతో పెదాలు అద్దుతారు, అంతే. నా చిన్నప్పుడు నాకూ చేశారు. బతికాను కనుక అందులో తప్పేమిటని ఎప్పుడూ ఆలోచించలేదు. అమ్మ పాప పొట్టకు వాము పట్టు వేసింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. నీళ్ళ కుండ ఎత్తి తన మంచం పక్కన పెట్టుకుంది. సుశీల చాటుగా పాపకు గుక్కెడు పట్టదలచినా పట్టలేని చోటు అది.

లంకణాల విషయంలో అమ్మ పట్టుదల మాకు తెలుసు. మిగతా వేటిలోనూ ఆమె అంత మొండిమనిషి కాదు. కోడలి వంటకు వంక పెట్టేది కాదు. వాంతులనేసరికి మాత్రం ఆమె ముఖం మారిపోయేది. ఎందుకో అడగాలని ఆనాటిదాకా నాకు తోచలేదు.

పాప దాహంతో కాసేపు ఏడ్చింది. తడిగుడ్డను పెదాలతో పట్టుకుని చీకింది. తర్వాత నిద్రపోయింది.

సోమవారం పొద్దున అమ్మ సంతోషంగా ఉంది. విరేచనం ఆగింది, వాంతి లేదు, గుడ్డ మార్చే పనే పడలేదు, పొడిగా ఉంది. లంకణం పనిచేసిందని పక్కింటావిడకు గోడ మీదుగా చెప్పింది. నేను స్నానం చేసి ఆఫీసుకు తయారయ్యాను. పాప కళ్ళు సగం తెరుచుకుని మంచం మీద పడుంది. ముద్దొస్తోంది, బుద్ధిగా ఉంది అనుకున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి ఆగుతోంది. అలా బుద్ధిగా పడివుండే పిల్ల కాదు అది.

చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే సుశీల నెమ్మదిగా పిలిచింది.

"ఏమండీ, ఇలా రండి. చూడండి, ఏడుస్తోంది గాని కన్నీళ్ళు రావటం లేదు."

వంగి చూశాను. పాప నోరు తెరిచి, ముఖం ముడిచి, ఏడుపంతా ఏడుస్తోంది. గొంతులోంచి కీచుమని చిన్న శబ్దం వస్తోంది. కళ్ళు మాత్రం పొడిగా, లోపలికి పోయి ఉన్నాయి. వాటి చుట్టూ నీలం నీడ. నోట్లో వేలు పెడితే నాలుక కాగితంలా తగిలింది.

వేసవి వచ్చిందంటే మా డెస్కుకు పల్లె విలేకరులు ఫోన్లో చెప్పే వార్తల్లో 'ఉల్టీ-దస్త్', అంటే వాంతులూ విరేచనాలూ, అన్న మాట తప్పకుండా ఉండేది. ఫలానా ఊళ్ళో పిల్లలు పోయారని. అది జిల్లా పేజీ అడుగున, ప్రకటనలు పోగా మిగిలిన చోట పడేది. అందులో పిల్లల పేర్లు ఉండేవి కావు, ఊరి పేరు మాత్రమే ఉండేది. ఆ క్షణంలో ఆ అడుగు చోటు నా కళ్ళ ముందు కనబడింది. అందులో మోవా అన్న మాట కనబడింది.

సుశీల పాపను ఎత్తుకుంది. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నిద్రపోయే పిల్లను ఎండలో తిప్పుతారా, తగ్గినదాన్ని మళ్ళీ రేపుతారా అని మొదలుపెట్టింది. పెళ్ళైనప్పటినుంచీ అత్తకు ఎదురు చెప్పని సుశీల ఆరోజు గొంతు పెంచకుండానే అంది:

"తగ్గలేదత్తా. లోపల ఏమీ మిగల్లేదు దీంట్లో. తప్పుకోండి."

అమ్మ తప్పుకుంది.

డాక్టరు ఇల్లు పెద్ద రోడ్డు మీదే, మా సందునుంచి నడిచి వెళ్ళేంత దూరం. ముందు గది దవాఖానా, దాని పక్కన పొడుగాటి వరండా. ఆయన పెద్దాసుపత్రి డాక్టరు కాదు. జ్వరం, దగ్గు, తేలుకాటు, అన్నీ చూసే మామూలు డాక్టరు. సోమవారం కావటంతో బెంచీలు నిండిపోయాయి. సైకిళ్ళ మీద పల్లెలనుంచి వచ్చినవాళ్ళు గోడవారన నేల మీద కూచున్నారు. మా వంతు ఎప్పటికి వస్తుందో తెలియదు. సుశీల నిలబడే ఉంది. కూచుంటే పాప ఒళ్ళో జారిపోయేలా ఉందంది.

ముందు వరసలో మందిర్ హసౌద్ అనే ఊరినుంచి వచ్చిన ఒక ముసలావిడ ఉంది. కాలికి కట్టు. ఆమె మా పాపను ఒక్కసారి చూసి, తన కర్ర ఎత్తి తలుపు మీద కొట్టింది. నోనీని ముందు చూడండి, మేమంతా ఆగుతామని ఛత్తీస్‌గఢీలో లోపలికి చెప్పింది. నోనీ అంటే చిన్నపిల్ల. వెనకాల ఎవరో గొణిగితే, నీ కడుపునొప్పి నిన్నటినుంచి ఆగింది గదా, ఇంకాస్త ఆగదా అంది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

డాక్టరు బయటికే వచ్చారు. పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు. చొక్కా మడతలా కాసేపు నిలబడి, మెల్లగా దిగింది.  నీళ్ళు ఎప్పుడు తాగిందని అడిగారు. నిన్న సాయంత్రమని చెప్పాను. మూత్రం ఎప్పుడు పోసిందని అడిగారు. నాకు తెలియలేదు. సుశీలకు తెలుసు. అది కూడా నిన్న సాయంత్రమే.

సూది వేయండి, బాటిల్ ఎక్కించండి అన్నాను. ఆ రోజుల్లో మా అందరికీ వైద్యమంటే అదే. ఆయన వినిపించుకోనట్టు ఒక స్టీలు గిన్నెలోంచి చెంచాడు నీళ్ళు తీసి పాప పెదాల మధ్య పోశారు. పాప గటుక్కున మింగింది. చెంచాను పళ్ళతో పట్టుకుంది, వదల్లేదు.

ఆయన హిందీలో అన్నది నాకు మాటమాట గుర్తుంది. "లేపితే లేస్తోంది, ఇస్తే మింగుతోంది. అంతవరకూ నోరే దీని బాటిల్. వరండాలో కూచోండి. చెంచాడు పోయండి, ఆగండి, మళ్ళీ చెంచాడు. కక్కితే కాస్త ఎక్కువసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. నేను భోజనానికి లేచేలోగా మూత్రం పోస్తే ఇంటికి. పోయకపోయినా, మింగడం మానేసినా పెద్దాసుపత్రికి."

పెద్దాసుపత్రి అన్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు మరీ భయమేసింది.

వరండాలో సుశీలలాంటి తల్లులు ఇంకా కొందరు గిన్నె, చెంచా పట్టుకుని వరసగా కూచుని ఉన్నారు. అది ఆయన పద్ధతి. ఒళ్ళో ఉన్న బిడ్డ గుడ్డ తడిపితే తప్ప అక్కడినుంచి ఎవరూ కదలకూడదు. కాగితం పొట్లంలోని, ఉప్పూ గ్లూకోజూ కలిసిన పొడిని కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి ఇచ్చారు. నేను టీ కొట్టుకు వెళ్ళి ఆఫీసుకు ఫోను చేశాను. రాలేనని చెప్పి, జీపు పంపగలరా అని అడిగాను. న్యూస్ ఎడిటరు ఎందుకని అడగలేదు. జీపు వచ్చి వేపచెట్టు కింద ఆగింది. దాన్ని నేనే పిలిపించినా, అటు చూడబుద్ధి కాలేదు.

తిరిగి వచ్చేసరికి సుశీల చేతిలో చెంచా లేదు. పాప గిన్నె కోసం చేతులు చాపి గింజుకుంటోంది. గొంతు రాని ఏడుపు ఏడుస్తోంది. నిన్నటినుంచి తడిగుడ్డ చీకిన పిల్ల. సుశీల ఓర్చుకోలేక గిన్నె అంచునే నోటికి ఆనించింది. పాప గటగటా తాగింది. తాగినదంతా, దానికి మించి, ఒక్కసారిగా వరండా నేల మీదికి వచ్చేసింది. పాప తల వెనక్కి వాలిపోయింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద అమ్మ నిలబడి ఉంది. ఎండలో ఒక్కతే నడిచి వచ్చింది. చంకలో ఉతికిన గుడ్డలున్నాయి. ఆమె నేల మీది నీళ్ళను చూసింది. వచ్చి కూలబడి, తన అరచేతితో పాప నోరు మూసింది.

"నీల్లు ఇవ్వొద్దన్నాను. ఒక్క మాట ఇన్నారు కాదు."

డాక్టరు చెప్పారని సుశీల అంది. చెయ్యి తీయమని బతిమాలింది. అమ్మ తీయలేదు. 

"డాక్టరుకేటి తెలుసు. నాను సూసినాను. నీ ముందు పుట్టినోడికి ఇలాగే అయ్యిందిరా. రైలు గేటు కాడ గుడిసెలో ఉన్నాం. మీ అయ్య లైను మీదికెల్లిపోనాడు. దాహం దాహం అని గుంటడు నా కొంగు లాగినాడు. సెంబుడిచ్చినాను. తాగీసి కక్కీసినాడు. మల్లీ అడిగినాడు, మల్లీ ఇచ్చినాను. అలాగ ఇచ్చి ఇచ్చి నా సేతుల్తో నానే సంపుకున్నాను."

నాకు ముందు ఒకడు పుట్టి పోయాడని తెలుసు. ఎలా పోయాడో ఇంట్లో ఎప్పుడూ ఎవరూ అనలేదు. నీళ్ళ కుండను మంచం పక్కన పెట్టుకుని కాపలా కాసిన మనిషి ఆ రాత్రంతా ఎవరికి కాపలా కాసిందో నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరు తలుపు దగ్గరకు వచ్చి, ఈవిడ ఏమంటోందని అడిగారు. రోజంతా ఒక భాషలోది ఇంకో భాషలోకి మార్చి బతికేవాణ్ణి నేను. ఆ మాటలన్నీ హిందీలోకి మార్చలేదు. ఆవిడ కొడుకు నీళ్ళు తాగి, కక్కి, చనిపోయాడని మాత్రం చెప్పాను.

ఆయన మెట్టు మీద అమ్మ ఎదురుగా కూచున్నారు. ఆమెను దాయీ అని పిలిచారు. ఇక్కడివాళ్ళు తల్లిని పిలిచే పిలుపు అది. దాయీ చూసింది నిజమే అన్నారు. దాహంగా ఉన్న పిల్లకు చెంబుతో ఇస్తే పొట్ట నిలుపుకోదు, బయటికి తోస్తుంది. ఇప్పుడు మీ కోడలు గిన్నెతో ఇచ్చింది, కక్కింది. తల్లి కదా, ఏడుస్తుంటే చేతులు ఆగవు. ఇక్కడ చేతులు ఆగే మనిషి కావాలి, చెంచా మీరు పట్టుకోండి అన్నారు. నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత పాప నోటి మీదినుంచి చెయ్యి తీసింది.

"ఎంతసేపు ఆగాలో అడగరా."

కాసేపు అని ఆయన అన్నారు. అమ్మకు గడియారం చూడటం రాదు. ఆమె బొడ్లో ఎప్పుడూ చిన్న దూది మూట ఉండేది. ఖాళీగా కూచుంటే దీపానికి ఒత్తులు చేసుకునే అలవాటు. పాపను ఒళ్ళోకి తీసుకుని ఆ మూట విప్పింది. ఒక చెంచా పోసింది. దూది తీసి, గింజలు ఏరి, లాగి, అరచేతుల మధ్య తిప్పి, ఒత్తి చేసి ఒళ్ళో వేసుకుంది. అప్పుడు రెండో చెంచా పోసింది. మళ్ళీ ఒత్తి. పాప ఏడ్చినా, చేతులు చాపినా, ఒత్తి పూర్తయ్యేదాకా చెంచా లేవలేదు. ఇంకొంచెం పొయ్యండత్తా అని సుశీల అడిగితే, అయితే నాను లేస్తాను, నువ్వే కూసో అంది. 

వేడిగాలి మొదలైంది. వరండాకు కట్టిన తడి గోనెపట్టాలు ఊగుతున్నాయి. ఒక్కొక్క తల్లీ బిడ్డ గుడ్డ తడిసిందని చూపించి వెళ్ళిపోతోంది. మేం మిగిలాం. పాప కళ్ళు మాటిమాటికీ మూసుకుపోతున్నాయి. మొదట్లో ఊరికే పలకరించేవాణ్ణి. తర్వాత పాదం గిల్లడం మొదలుపెట్టాను. ఒకసారి గిల్లినా లేవలేదు. అమ్మ చెంచాతో పెదవి మీద తట్టింది. మూడు నాలుగుసార్లు తట్టాక పెదాలు కదిలాయి. ఆ మధ్యలో నేను దేవుడికి ఏమేమి మొక్కుకున్నానో నాకే తెలియదు. అన్నీ తీర్చానో లేదో కూడా తెలియదు.

మళ్ళీ ఒకసారి కక్కింది. అమ్మ చెంచా కింద పెట్టి నా వైపు చూసింది. ఆ చూపులో 'చెప్పానా' అన్నది లేదు. నేను ఆమె ఒంటరిగా ఉన్న ఆ గేటు గుడిసెలోకి వెళ్ళి నిలబడినట్టుంది. ఇద్దరం నేల మీది నీళ్ళనే చూస్తున్నాం. ఆమె ఒక ఒత్తి చేసింది. ఇంకొకటి చేసింది. మరొకటి కూడా చేసింది. అప్పుడు చెంచా తీసింది.

లోపల చివరి రోగి లేచాడు. డాక్టరు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినబడింది. ఇక జీపు దగ్గరికి వెళ్ళాలని నేను లేచి చెప్పులు వేసుకున్నాను. సుశీల గుడ్డల మూట సర్దుతోంది. అమ్మ కదల్లేదు. పాపను ఇవ్వమని చేతులు చాపాను, ఇవ్వలేదు. ముఖం ఒకలా పెట్టి, వింటున్నట్టు కూచుంది.

"ఆగరా నాయనా. ఎచ్చగా తగిలింది."

అమ్మ చీర కుచ్చిళ్ళ మీద చిన్న మరక. అది మెల్లగా పెద్దదైంది. ఒళ్ళో పోసుకున్న ఒత్తులన్నీ తడిశాయి. డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి, ఆ తడిని వేలితో తాకి చూశారు. దాయీ ఇక అన్నం తినొచ్చు, నేనూ తింటాను అన్నారు. సుశీల గోడకు తల ఆనించి ఏడ్చింది. నేను ఏడవలేదు. చెప్పులు ఎందుకు వేసుకున్నానో గుర్తురాక వాటిని మళ్ళీ విప్పాను.

ఇంటికి వెళ్ళాక ఏం చెయ్యాలో ఆయన చెప్పింది ఇక్కడ రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. వాంతులవుతున్నా తాగించడం ఆపొద్దు, కొంచెం కొంచెంగా ఇవ్వండి. పొట్లం దొరక్కపోతే పసియా ఇవ్వండి. పసియా అంటే మన గంజే. అందులో చిటికెడు ఉప్పు. ముందు మీరు రుచి చూడండి, కన్నీటికంటే ఉప్పగా ఉండకూడదు. పిల్ల మత్తుగా పడుంటే నిమ్మళించిందని అనుకోవద్దు. గుడ్డ పొడిగా ఉంటే సంతోషించొద్దు, వెంటనే తీసుకురండి. నేను ఇవన్నీ అమ్మకు తెలుగులో చెప్పాను. గంజి మాట దగ్గర ఆమె మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

సాయంత్రానికి పాప కళ్ళు కాస్త పైకి వచ్చాయి. సుశీల గంజి వార్చి, ఉప్పు వేసి, చల్లార్చి తెచ్చింది. పాప ఏడ్చింది, ఈసారి కన్నీళ్ళతో. సుశీల వాటిని తుడవలేదు, చూస్తూ కూచుంది.

అమ్మ వీధి అరుగు మీద ఉంది. తడిసిన ఒత్తుల్ని కాగితం మీద వరసగా ఆరబెట్టింది. దేవుడికి పనికిరావు, పారెయ్యమ్మా అంటే వినలేదు. నేను పక్కన కూచున్నాను. ఒత్తుల వైపే చూస్తూ అడిగింది.

"ఆడికీ ఇలాగ సెంచాతో పోసుంటే?"

ఉద్యోగమంతా ఇతరుల ప్రశ్నలకు జవాబులు సరిదిద్దినవాణ్ణి. చప్పున తోచింది చెప్పాను. అప్పటికి ఆ పొట్లాలు లేవు కదమ్మా అన్నాను. అది నిజమే.

అమ్మ తల ఊపింది. ఒక ఒత్తిని ఇటునుంచి అటు తిప్పింది.

"గెంజి ఉండీదిరా," అంది. "రోజూ వార్చి పారబోసీదాన్ని."

ఆ తర్వాత ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కాని ఆమె బతికున్నన్నాళ్ళూ ప్రతి వేసవిలో, ఇంట్లో పిల్లలకు ఏ జబ్బూ లేకపోయినా, మా వంటింట్లో గంజి చల్లార్చి మూతపెట్టి ఉండేది.